చేతిఫోనులో మన యింటి పాటలకు చోటు

మన పట్టణమునందు రెండు మూడు తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పాత కాసెట్ల పెట్టె లేని యిల్లు అరుదు. బీరువా మీదనో, మంచము క్రిందనో, అటకమీదనో అది యుండును. దానిని పారవేయుటకు మనసు రాదు. తెరచి వినుటకు తీరిక లేదు. తీరిక దొరికినను వినిపించు యంత్రము పాడై యేండ్లు గడచినవి. ఆ కాసెట్లలో సగమునకు మించి సినిమా పాటలే యుండునని మే మెరుగుదుము. కొన్నింటిలో ఘంటసాలవారి భగవద్గీత యుండును. కాని దాదాపు ప్రతి పెట్టెలోను ఒకటి రెండు కాసెట్లు వేరు రకమువి కలవు. వాటిపై పెన్సిలుతో "అమ్మ పాటలు" అనియో, "పెండ్లి, 1986" అనియో వ్రాసియుండును. అవి యే కంపెనీయు అచ్చువేసి అమ్మినవి కావు. మన వసారాలలో, మన టేపురికార్డర్లతో, మనమే పట్టినవి. బతుకమ్మ చుట్టు తిరుగుచు మన తల్లులు పాడిన పాటలు, ఉయ్యాల తొట్టి నూపుచు పాడిన జోలలు, వియ్యాలవారిని ఆటపట్టించిన పాటలు, మంగళహారతులు వానిలో నున్నవి. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల నుండి బొగ్గుగనుల పనికో, మగ్గపు పనికో వచ్చిన తాతలు తమ రాకను గూర్చి చెప్పుకొన్న మాటలును కొన్నింట గలవు.

ఈ వారము మేము ఆ కాసెట్లను గూర్చియు, చేతిఫోనులలోని పాటల యాప్‌లను గూర్చియు కలిపి వ్రాయబూనితిమి. ఈ రెంటికిని సంబంధ మేమి యని పాఠకులు అడుగవచ్చును. సంబంధమున్నది.

మన పిల్లలు నేడు పాటలు వినుట యంతయు ఫోనులోనే. స్పాటిఫై యనునది మన దేశమునకు 2019 ఫిబ్రవరిలో వచ్చెను. యూట్యూబ్ మ్యూజిక్ అనునది ఆ మరుసటి నెలలోనే వచ్చెను. జియోసావన్, గానా మొదలగునవి అంతకు ముందునుండియే యున్నవి. తమయొద్ద పదికోట్లకు మించిన పాటలు గలవని స్పాటిఫైవారు చెప్పుకొందురు. ఆ పదికోట్లలో మన అమ్మమ్మ పాట యొక్కటియు లేదు. ఉండవలెనని మేము కంపెనీవారితో వాదింపబోము. వారికి ఆమె యెవరో తెలియదు. అయితే ఈ యాప్‌లలో కొన్నింటికి మనలో చాలమంది యెరుగని ప్రక్కతలుపు ఒకటి కలదు. మన సొంత పాటల ఫైళ్లను, అనగా కంపెనీ జాబితాలో లేని వానిని, మనమే అందులో చేర్చుకొని తక్కిన పాటలతో కలిపి వినవచ్చును. ఆ తలుపును మన కుటుంబములు వాడుకొనవలెననియు, వాడుకొనుటలో తొందరపడి కొన్ని పొరపాట్లు చేయరాదనియు మా యభిప్రాయము.

దీనికి రెండు వైపులనుండియు ఆక్షేపణలు వచ్చినవి. పెద్దలలో నొకరు మాతో, "గౌరమ్మ పాటను తెచ్చి ఆ సినిమా పాటల నడుమ ఇరికింతురా?" యని అడిగిరి. వారి బాధ మాకు తెలియును. కాని పాట చెవి యున్నచోటికి పోవలెను గాని, చెవి పాట యున్నచోటికి వచ్చునని కూర్చుండిన, పెట్టెలోనే మ్రగ్గిపోవును. గనిలో షిఫ్టు దిగి వచ్చునప్పుడు, కళాశాలకు బస్సులో పోవునప్పుడు, నాగపురమునకు రైలులో పోవునప్పుడు మన యువకులు వినునది ఫోనునందే. అక్కడ లేనిది వారికి లేనట్లే.

యువకులలో కొందరి ఆక్షేపణ వేరు. "బతుకమ్మ పాటలు యూట్యూబునందు వేలకొలది యున్నవి గదా, ఆ గరగరలాడు కాసెట్టు ఎందులకు?" అని వారందురు. ఉన్నవి, కాదనము. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడి బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిన పిదప అవి మరింత పెరిగినవి. హైదరాబాదు స్టూడియోలలో తాళవాద్యములతో, కీబోర్డుతో పట్టిన ఆ పాటలలో మంచివి చాల కలవు. అయినను అవి చంద్రపూరువి కావు. ఇక్కడి మన స్త్రీలు పాడిన పాటలలో మరాఠీ మాటలు చొరబడినవి. వరుసలు కొంత మారినవి. ఊరి పేర్లు, గని పేర్లు వచ్చి చేరినవి. ఒకే పాటను రాజురావారు ఒక తీరున, బల్లార్పూరువారు మరియొక తీరున పాడుదురు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఆదిలాబాదు జిల్లాలోనిదై, తరువాత మన జిల్లాలో చేరినది గావున, అక్కడి తెలుగువారు ఊరు విడువకయే రాష్ట్రము మారిరి. వారి పాటకును, వలసవచ్చిన మన పాటకును తేడా యుండుట వింత గాదు. గోదావరి, ప్రాణహితల చెంత నున్న సిరొంచ తెలుగు ఇంకొక తీరు. 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయినప్పుడు సిరొంచ మన జిల్లానుండి వేరైనది గాని చుట్టరికములు వేరుకాలేదు. ఈ తేడాలు ఏ స్టూడియో పాటయందును వినిపింపవు.

పుస్తకములలో నున్నవి గదా యని యింకొకరు అనవచ్చును. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములపై చేసిన పరిశోధన 1958లో గ్రంథముగా వెలువడినది. అట్టి మహనీయుల కృషివలన పాటల మాటలు నిలిచినవి. కాని మాట వేరు, వరుస వేరు, గొంతు వేరు. ఊపిరి ఎక్కడ తీసికొన్నారో, ముందు పాడునామె ఆపిన తరువాత తక్కినవారు ఎప్పుడు అందుకొన్నారో, ఎక్కడ నవ్వు వచ్చి పాట తప్పినదో అచ్చులోనికి రాదు. ఈ సంగతి ఎరిగియే హంగరీ దేశమున బేలా బార్టోక్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మైనపు సిలిండర్ల యంత్రమును పల్లెలకు మోసికొని పోయెను. అమెరికాలో జాన్ లోమాక్స్ 1933లో డిస్కులపై ధ్వని పట్టు బరువైన యంత్రమును కారులో వేసికొని ఊరూర తిరిగెను. మనకట్టి శ్రమ లేదు. పట్టుట యెన్నడో జరిగిపోయినది. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు బయటపెట్టిన ఆ చిన్న కాసెట్టు 1980 దశాబ్దమున మన యిండ్లలోనికి వచ్చినప్పుడు, తెలిసియో తెలియకయో మనవారు ఆ పని చేసియుంచిరి. దానిని కాపాడుటయే మిగిలినది.

ఆ కాపాడుటకు గడువు చాల లేదు. టేపుపై నయస్కాంతపు పొడిని అంటించియుంచు పూత యేండ్లు గడచిన కొలది చెడిపోవును. తేమ, వేడి దానిని మరింత త్వరగా చెరచును. చంద్రపూరు వేసవి ఎట్టిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉష్ణమాపకము 47 డిగ్రీలకు చేరు దినములు మనకు క్రొత్త గావు. ఆ పిమ్మట నాలుగు నెలల వానలు. ఇట్టి వాతావరణమున రేకుల కప్పు క్రింది అటకమీద ముప్పది నలువది సంవత్సరములున్న టేపునుండి ఇంకను ధ్వని వచ్చుచున్నదన్న అది మన యదృష్టము. మన రాజ్యాంగపు 29వ అధికరణము తమ ప్రత్యేక భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కును పౌరుల ప్రతి వర్గమునకు నిచ్చినది. బడులను గూర్చియు, బోర్డులను గూర్చియు మాటలాడునప్పుడు మనము ఆ హక్కును తలచుకొందుము. అటకమీది పెట్టెను తలచుకొనము.

ఇక ఆ ప్రక్కతలుపు సంగతి. ముందుగా కాసెట్టులోని ధ్వనిని కంప్యూటరులోనికి తేవలెను. మంచి స్థితిలోనున్న ఒక టేపు డెక్కు, దాని నుండి కంప్యూటరునకు ఒక తీగ, ఆడాసిటీ యను ఉచిత సాఫ్టువేరు ఉన్నచో చాలును. టేపు ఆడుచున్నంతసేపు కంప్యూటరు వినుచుండును. అరువది నిమిషముల కాసెట్టునకు అరువది నిమిషములు పట్టును, దానికి దగ్గరిదారి లేదు. ఆడించుటకు ముందు డెక్కు తలను స్పిరిటు తడిపిన దూదితో తుడువవలెను. చాలకాలము కదలని టేపును ఒకసారి చివరివరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పుకొనుట మంచిది. వచ్చిన ధ్వనిని మొదట కుదింపని వేవ్ ఫైలుగా దాచవలెను. గంట ధ్వనికి సుమారు 635 మెగాబైట్లగును. అట్టివి నూరు కాసెట్లు 64 గిగాబైట్లకు మించవు. నేడు సంతలో దొరకు మామూలు హార్డు డిస్కులో అది మూలకు వచ్చును. ఈ మొదటి ఫైలే మనకు అసలు. ఫోనునకు కావలసిన ఎంపీ3 ఫైలును దీనినుండి వేరుగా తీసికొనవలెను. 192 కిలోబిట్ల చొప్పున గంటకు 86 మెగాబైట్లు చాలును.

అక్కడినుండి ఒక్కొక్క యాప్‌ది ఒక్కొక్క పద్ధతి. స్పాటిఫైలో మన ఫైలు కంపెనీవారి యింటికి పోదు. మన కంప్యూటరులోనో ఫోనులోనో ఉన్నచోటనే యుండును. సెట్టింగులలో లోకల్ ఫైల్స్ అనుదానిని తెరచినచో యాప్ దానిని చూచి, తన పాటల ప్రక్కన చూపును. కంప్యూటరులోని ఫైలు ఫోనులోనికి రావలెనన్న దానిని ఒక పాటల వరుసలో చేర్చి, రెండు పరికరములను ఒకే వైఫైలో నుంచి దింపుకొనవలెను. దీనికి చందా కట్టియుండవలెను. ఫైలును నేరుగా ఫోనులోనికే ఎక్కించుకొనుట యింకొక మార్గము. యూట్యూబ్ మ్యూజిక్ పద్ధతి దీనికి తలక్రిందులు. అక్కడ మన ఫైలును కంప్యూటరునుండి వారి యంత్రములలోనికే ఎక్కింతుము. ఒక్కొక్క ఖాతాకు లక్ష పాటల వరకు చోటు గలదు. ఎంపీ3, ఎం4ఏ, ఫ్లాక్, ఓగ్ రకములను తీసికొందురు. వేవ్ ఫైలును తీసికొనరు, దానిని ఫ్లాక్‌గా మార్చిన పనికివచ్చును. ఎక్కించిన పాట ఏ ఫోనులో మన ఖాతా తెరచినను వినిపించును, చందా లేకున్నను నడుమ ప్రకటనలు రావు. మరొక సంగతి: ఆ పాట ఎక్కించినవారికి తప్ప ఇతరులకు వినిపింపదు. పాటల వరుసను స్నేహితునికి పంపినను మన సొంత పాట అతనికి కనబడదు. ఇది లోపమని కొందరందురు. మాకు మాత్రము ఇదియే దాని గుణముగా తోచినది. ఎందుకో ముందు చెప్పుదుము.

ఆపిల్ ఫోను గలవారికి ఆపిల్ మ్యూజిక్‌లో గూడ లక్ష పాటల వరకు చోటున్నది గాని, చందా కట్టినంతకాలమే. పైగా అందులో ఒక చిక్కు గలదు. మన పాటను విని, అది తమ జాబితాలోని పాటయే యని తోచినచో, యంత్రము రెండవ పరికరములో తన ప్రతినే మనకు వినిపించును. అమ్మమ్మ పాటకు ఆ భయము లేదు. రేడియోనుండి పట్టిన పాత కచేరీ వంటి వాని విషయములో మాత్రము జాగ్రత్త వలయును.

ఇప్పుడు మా యింట జరిగిన యొక పొరపాటును చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట మేము ఇట్టి కాసెట్టు నొకదానిని ఒక దుకాణమున ఇచ్చి సీడీ చేయించితిమి. అందులో మా నాయనమ్మ పాడిన పాటలుండెను. సీడీ వచ్చినది, ఇంటిల్లిపాదియు కూర్చుండి వింటిమి. గొంతు తేటగానే యున్నది. కాని ఏదో కొరవడినట్లుండెను. రెండవసారి వినునప్పుడు తెలిసినది. దుకాణమువారు మాకు మేలు చేయుదమని "శుభ్రము" చేసియుండిరి. పాటకు పాటకు నడుమ ఆమె "ఇంకేది పాడుదురా?" అని అడుగుట, మా తండ్రిగారు ఒక పాట పేరు అందించుట, దూరమున బొగ్గుబండి కూత, వంటింటిలో గిన్నె పడుట, ఇవన్నియు తీసివేయబడెను. గరగర తీయబోయి గొంతులోని వణకును గూడ సగము తీసివేసిరి. అసలు కాసెట్టు అడుగగా తిరిగి యిచ్చిరి గాని, టేపు లోపల ముడిపడియుండెను. పాటల పేర్లు "ట్రాక్ 1" మొదలు "ట్రాక్ 14" వరకు. తప్పు వారిది మాత్రమే యనము. ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో మేమును చెప్పలేదు. మనమే చేసికొనవలెననియు, మొదటి ప్రతిని ఏమాత్రము దిద్దక దాచవలెననియు మేము పట్టుబట్టుటకు కారణ మిది. దిద్దుబాటు ఎన్నిసార్లయినను తరువాత చేసికొనవచ్చును. తీసివేసినది తిరిగి రాదు.

ఆ సీడీలోని పాటలనే మా యింటి కుఱ్ఱవాడొకడు ఫోనులోని యాప్‌లో చేర్చెను. చూపుమనగా చూపెను. పదునాలుగు పాటలు వరుసగా నున్నవి. ప్రతి పాట క్రిందను ఆంగ్లమున "అన్‌నోన్ ఆర్టిస్ట్" అని యున్నది. అనగా పాడినవారెవరో తెలియదని. ఇంటిలో గోడకు ఆమె పటము వ్రేలాడుచున్నది. ఆ పటము క్రింద కూర్చుండియే మేము ఆ అక్షరములు చదివితిమి.

యంత్రము చేసిన తప్పు ఇందేమియు లేదు. ఫైలు లోపల పేరు వ్రాయుటకు గడులు కలవు: పాట పేరు, పాడినవారు, సంపుటము, సంవత్సరము, వ్యాఖ్య. వానిని నింపకున్న యంత్రమునకు తెలియుట యెట్లు? నింపుటకు ఉచిత సాఫ్టువేర్లున్నవి, ఆడాసిటీలోనే నింపవచ్చును. ఈ గడులను నింపుటయే ఈ పని యంతటిలో ముఖ్యమని మేము తలంచుచున్నాము. ధ్వనిని మార్చుట ఏ కుఱ్ఱవాడైనను ఒక పూటలో నేర్చుకొనును. పాట పేరు గడిలో మొదటి పాదము వ్రాయుడు. ఏలయన మన పాటలకు వేరు పేర్లుండవు. పాడినవారి గడిలో ఆమె పేరు, పుట్టినింటి ఊరు, మెట్టినింటి ఊరు వ్రాయుడు. వెంట పలికినవారి పేర్లు తెలిసినంతవరకు వ్యాఖ్యలో వ్రాయుడు. ఏ సందర్భమున, ఎవరింట, ఎవరు రికార్డు చేసిరో వ్రాయుడు. సంవత్సరము తెలియకున్న, "పెద్దమ్మాయి పెండ్లికి ముందు" అనియైనను వ్రాయుడు. తరువాతివారు లెక్కకట్టుకొందురు.

ఏ లిపిలో వ్రాయవలెనను ప్రశ్న వచ్చును. దీనిపై మా సభ్యులలోనే వాదము జరిగినది. ఆంగ్ల లిపిలో వ్రాసినచో బతుకమ్మ యను మాటనే నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు. వెదకినప్పుడు ఒకరు వ్రాసినది ఇంకొకరికి దొరకదు. తెలుగులో వ్రాసిన ఆ చిక్కు తక్కువ, ఫోనులన్నియు నేడు తెలుగు అక్షరములను చూపును. కాని మన పిల్లలలో ఎంతమంది తెలుగు చదువగలరు? మరాఠీ బడిలోనో, ఆంగ్ల బడిలోనో చదివినవారే యెక్కువ. తెలుగు మాటలాడుదురు, పాట వినిన అర్థము చేసికొందురు, బోర్డుమీది తెలుగు అక్షరమును మాత్రము గుర్తింపలేరు. వారికి తెలుగు అక్షరములలో పేరు పెట్టిన పాట, పేరు లేని పాట వంటిదే. ఇది చెప్పుటకు మనకు సిగ్గుగా నున్నది గాని నిజము. అందుచేత పాట పేరును తెలుగున వ్రాసి, అదే గడిలో గీతకు ఆవల దేవనాగరిలోను వ్రాయవలెనని మా సూచన. తెలుగు ముందుండవలెను. పిల్లవాడు ప్రక్కనున్న దేవనాగరిని చదివి, దానినిబట్టి తెలుగు అక్షరమును పోల్చుకొనిన, అదియొక వాచకమువలె పనిచేసినను చేయవచ్చును. ఇది మా దురాశయే యనుకొందురు గాక.

యాప్‌లో చేర్చితిమి గదా యని కాసెట్టును, మొదటి ఫైలును పారవేయుట మాత్రము ఎన్నడును కూడదు. ఇవి దుకాణములు, భోషాణములు కావు. గూగులువారు గూగుల్ ప్లే మ్యూజిక్ అనుదానిని నడపిరి. అందులో ఒక్కొక్కరు 50,000 సొంత పాటల వరకు ఎక్కించుకొనుటకు వీలుండెను. 2020 చివర దానిని మూసివేసిరి. పాటలను యూట్యూబ్ మ్యూజిక్‌నకు మార్చుకొమ్మని గడువిచ్చిరి. 2021 ఫిబ్రవరి 24 పిమ్మట అందులో మిగిలినవన్నియు చెరిపివేయబడినవి. ఉత్తరములు చదువనివారు, పాత ఖాతా మరచినవారు పోగొట్టుకొనిరి. మన దేశమునందే ఎయిర్‌టెల్‌వారు 2014లో తెరచిన వింక్ మ్యూజిక్ 2024లో మూతపడెను. అమెరికాలో మైస్పేస్ అనునది ఒకనాడు జగత్ప్రసిద్ధము. 2003 నుండి 2015 వరకు జనులు అందులో ఎక్కించిన పాటలు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మార్చునప్పుడు నశించినవని 2019లో బయటపడెను. పన్నెండేండ్ల పాటలు! ఎక్కించినవారిలో చాలమందికి వేరు ప్రతి లేదు.

కావున ఒక ప్రతి ఇంటిలో హార్డు డిస్కుమీద, ఒక ప్రతి వేరు ఊరిలోని చుట్టముల యింట, వినుటకు ఒక ప్రతి యాప్‌లో నుండవలెను. కరీంనగరులో మేనమామయో, నాగపురములో చెల్లెలో లేని కుటుంబము మనలో లేదు. పండుగకు పోవునప్పుడు డిస్కును చేతికిచ్చిన చాలును. యాప్ బెడద యేమియు వలదనువారు ఫైళ్లను ఫోనులోనే పెట్టుకొని వీఎల్‌సీ వంటి ఉచిత సాధనముతో వినవచ్చును. అదియు మంచిదే. అయితే వారి పిల్లలు దానిని తెరతురో లేదో వారే చూచుకొనవలెను.

ఇతరులకు వినిపింపకుండుట గుణమని పైన అంటిమి. కారణము చెప్పుదుము. కాసెట్టు ఫైలుగా మారిన మరునాడే దానిని యూట్యూబులో లోకమునకు వెల్లడించు ఉత్సాహము యువకులకు కలుగును. ఆ పాటలు పాడినవారు ఎవరికై పాడిరో ఒకసారి తలచుకొనవలెను. వియ్యాలవారిమీద పాడిన పాటలలో పేర్లు పెట్టి తిట్టినవి కలవు. అది పందిటిలో నవ్వులకు చెల్లినది, నేడు ఆ వియ్యపురాలి మనుమడు ఫోనులో వినిన నవ్వునా? చనిపోయినవారిని తలచుకొని ఏడ్చుచు పాడిన మాటలు కొన్ని కాసెట్లలో పడినవి. అవి ఇంటివారికి మాత్రమే చెందును. పాడినవారు బ్రతికియున్నచో వారిని అడుగవలెను, లేకున్న వారి బిడ్డల నందరిని అడుగవలెను. ఒక్క కొడుకు ఒప్పుకొన్న చాలదు, కూతుండ్లను గూడ అడుగవలెను, ఏలయన ఆ పాటలు వారివద్దనే ఎక్కువ నిలిచినవి. ముందు సొంత ఖాతాలో పెట్టి, ఇంటివారందరు విని, ఆ పిమ్మట ఏది బయటపెట్టవచ్చునో ఏది కూడదో తేల్చుకొనుటకు ఈ ప్రక్కతలుపు తగిన వ్యవధి నిచ్చును. కొన్ని పాటలు ఎప్పటికిని బయటికి పోకున్నను నష్టము లేదు.

సినిమా పాటల కాసెట్లను గూర్చి ఒక్క మాట. వానిని ఎక్కించుటకు శ్రమపడవలదు. అవి యాప్‌లలో ఇంతకంటె మంచి ధ్వనితో నున్నవి. కొనుక్కొన్న పాటలను సొంతముగా వినుటకు 1957 నాటి కాపీరైటు చట్టము కొంత వెసులుబాటు నిచ్చుచున్నది గాని, వానిని లోకమునకు పంచుటకు ఇవ్వదు. కాని సినిమా పాటల కాసెట్టును త్రోసివేయుటకు ముందు రెండు ప్రక్కలు చివరివరకు వినుడు. టేపు మిగిలినప్పుడు పిల్లల ముద్దుమాటలు, పెద్దల కబుర్లు పట్టుట ఆ రోజులలో అలవాటు. సినిమా పాట అయిపోయిన తరువాత మిగిలిన రెండు నిమిషములలోనే తాతగారి గొంతు మొత్తముగా ఉన్న ఇండ్లను మేమెరుగుదుము.

ఈ పని ఒక్కొక్క యింటివారు ఒంటరిగా చేయుట కష్టము. టేపు డెక్కు అందరికి దొరకదు. సంఘమున ఒక మంచి డెక్కు, ఒక కంప్యూటరు, రెండు డిస్కులు ఉంచి, ఆదివారము పూట కాసెట్లను మార్చియిచ్చు ఏర్పాటు చేయవలెనని మేము కార్యవర్గమును కోరుచున్నాము. వార్షికోత్సవమునకు మనము పెట్టు ఖర్చులో ఒక చిన్న భాగమునకు ఇది మించదు. ఒక సంవత్సరము పూలదండలు తగ్గించిన సరిపోవును. సంఘము ఫైలును యజమానికే యివ్వవలెను, తనయొద్ద ప్రతి ఉంచుకొనవలెనన్న వ్రాతపూర్వకముగా అనుమతి పొందవలెను.

ఆ యేర్పాటు జరిగిన నాడు వచ్చువారికి ఒక మనవి. కాసెట్టును సంచిలో వేసి పిల్లవానిచేత పంపవలదు. ఆ పాటలు తెలిసిన పెద్దవారిని, ముఖ్యముగా ఆ నాడు వెంట పలికిన స్త్రీలలో ఎవరు మిగిలియున్న వారిని వెంట తీసికొని రండు. టేపు తిరుగుచున్నంతసేపు వారు ప్రక్కన కూర్చుండిన, ఈ గొంతు ఎవరిది, ఆ గొంతు ఎవరిది యని చెప్పగలరు. గడులను అక్కడికక్కడే నింపుదుము.